కొత్త ఆసుపత్రి తాళాలు తీసుకునే ముందు ఏమేమి పరీక్షించాలి?

ప్రశ్న: మాది కావలి. మా అన్నయ్య కోడలు డాక్టరు. ఆమె కోసం అన్నయ్య, నేను కలిసి ఊళ్లో మూడంతస్తుల, 40 పడకల ఆసుపత్రి కట్టిస్తున్నాము. మొత్తం 28 వేల చదరపు అడుగులు, ఖర్చు దాదాపు 7 కోట్ల రూపాయలు. 150 కె.వి.ఎ. (విద్యుత్ సామర్థ్యపు కొలత) హెచ్.టి. (అధిక వోల్టేజి) కనెక్షన్, 160 కె.వి.ఎ. జనరేటరు, భవనమంతటికీ వీఆర్ఎఫ్ ఏసీ (కొన్ని ఔట్‌డోర్ యూనిట్లతోనే ఎన్నో గదులను చల్లబరిచే పద్ధతి) పెట్టించాము. కంట్రాక్టరు ఫిబ్రవరి చివరికి అప్పగిస్తానంటున్నారు, మేము ఉగాదికి ప్రారంభం అనుకుంటున్నాము. ఈలోగా తెలిసిన ఇంజనీరు ఒకరు వచ్చి చూసి, "కమిషనింగ్ చేయించకుండా తీసుకోవద్దు, 4 లక్షలు అవుతుంది" అన్నారు. అన్నయ్యకు ఆ మాట కొత్తగా, కొంత అనుమానంగా కూడా ఉంది. "లైట్లు వెలుగుతున్నాయి, ఏసీలు చల్లగా ఉన్నాయి, లిఫ్టు తిరుగుతోంది, ఇంకా పరీక్ష ఏమిటి?" అని అడుగుతున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి? చేయిస్తే ఏమేమి చేయించాలి?
— కావలి నుండి ఒక పాఠకుడు

సమాధానం: చేయించండి. అయితే ఒక్కసారితో అయిపోయేదిగా అనుకోకండి. ఉగాదికి ముందు ఒకసారి, రోహిణి కార్తెలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానల్లో ఒకసారి, మొత్తం మూడు విడతలుగా చేయించండి. మీ అన్నగారి సందేహాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. కళ్లెదుట అన్నీ పనిచేస్తుంటే మరో 4 లక్షలు ఎందుకని అడగడం డబ్బు విలువ తెలిసిన ప్రతి యజమానీ చేసే పనే. ఆయనకు ముందుగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఒక యంత్రం తిరగడం వేరు, అది మనం కోరిన పనిని, కోరినంత ఖర్చులో, అతి కష్టమైన రోజున కూడా చేయగలగడం వేరు. ఫిబ్రవరి నెల సాయంత్రం ఖాళీ గదిలో ఏసీ చల్లగా ఉండడం మొదటి దానికి మాత్రమే రుజువు.

కమిషనింగ్ అంటే భవనంలోని యంత్రాలన్నీ కోరిన పని కోరినట్టు చేస్తున్నాయో లేదో పరీక్షించి, సరిదిద్దించి తీసుకోవడం. ఆ మాట ఓడల నుంచి వచ్చింది. కట్టిన ఓడను సముద్రంలో నడిపి చూసి, లోపాలు సరిదిద్ది, నడిపే సిబ్బందికి అప్పగించిన తరువాతే దానిని సేవలోకి తీసుకున్నట్టు లెక్క. మన జిల్లాలోనే, కృష్ణపట్నం దగ్గర నేలటూరులో ఉన్న థర్మల్ కేంద్రంలోని 800 మెగావాట్ల యూనిట్ల వంటివి వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చే ముందు 72 గంటల పాటు పూర్తి సామర్థ్యంతో నడిచి చూపించాలన్నది విద్యుత్ రంగంలో అమలులో ఉన్న నియమం. అంత దూరం పోనక్కరలేదు. రొయ్య పిల్లలను వదలడానికి ముందు చెరువులో నీరు నింపి, ఉప్పదనం, పీహెచ్ చూసుకుని, ఎయిరేటర్లన్నీ తిప్పి, అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటరు ఎంతసేపటికి అందుకుంటుందో సరిచూసుకోని రైతు మన తీరంలో ఉండడు. ఆ జాగ్రత్తనే మనుషులు పడుకునే భవనానికి కూడా పాటించమని మీ అన్నగారిని అడగండి.

ఇక అసలు పని యంత్రాల దగ్గర మొదలు కాదు, కాగితం దగ్గర మొదలవుతుంది. ఆ ఇంజనీరును పిలిచే ముందే మీ ఇంటి డాక్టరమ్మను కూర్చోబెట్టి, ఈ భవనం నుంచి ఆమెకు ఏమి కావాలో రెండు పేజీల్లో రాయించండి. ఆపరేషన్ థియేటర్‌లో ఎన్ని డిగ్రీలు ఉండాలి, కరెంటు పోయినప్పుడు ఏ గదులు ఒక్క క్షణం కూడా ఆరిపోకూడదు, ఏ గదులు అర నిమిషం ఆగగలవు, రాత్రి పది దాటాక ఎన్ని గదులు నడుస్తాయి, రోజుకు ఎన్ని వేల లీటర్ల నీరు అవసరం, నెలకు ఎన్ని యూనిట్ల కరెంటు దాటకూడదు అన్నవి అందులో అంకెలతో ఉండాలి. ఇది ప్లాను గీసే రోజునే ఉండవలసిన కాగితం. మీ విషయంలో ఆలస్యమైనా, ఇప్పుడు రాసుకున్నా ప్రయోజనం పోదు. ఎందుకంటే కొలబద్ద లేకుండా చేసే పరీక్షలో ప్రతిదీ "బాగానే ఉందండీ" అన్న మాటతోనే ముగుస్తుంది. కంట్రాక్టరు అబద్ధం చెప్పనక్కరలేదు, ఏది బాగు అన్నది మనమే చెప్పకపోతే ఆయన తనకు తోచినదే బాగు అనుకుంటారు.

మీ డబ్బులో పెద్ద వాటా మింగేదీ, లోపాలు ఎక్కువగా దాగి ఉండేదీ ఏసీ పద్ధతే కనుక దాని గురించి కాస్త విస్తరంగా చెబుతాను. వీఆర్ఎఫ్‌లో మేడమీది ఔట్‌డోర్ యూనిట్ల నుంచి గదులకు పొడవైన రాగి గొట్టాలు వస్తాయి. ఆ గొట్టాలను అతికేటప్పుడు లోపల నైట్రోజన్ పారించకపోతే లోపలి గోడలకు నల్లని పొర ఏర్పడి, తరువాత అది ఊడి కవాటాల్లో ఇరుక్కుంటుంది. అది ఫాల్స్ సీలింగ్ పైన జరిగిపోయిన పని కాబట్టి ఇప్పుడు మీకు కనపడదు. అందుకే అతికిన తరువాత గొట్టాల్లో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి 24 గంటలు నిలబెట్టిన రికార్డు, ఆపైన గాలి మొత్తం లాగి 500 మైక్రాన్ల (వాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) వరకు వాక్యూమ్ తెచ్చిన రికార్డు, తేదీలతో సహా అడగండి. కంపెనీ నుంచి వచ్చిన గ్యాసుకు తోడు, గొట్టం పొడవును బట్టి అదనంగా ఎంత గ్యాసు వేయాలో లెక్క ఉంటుంది. ఆ లెక్క కాగితం, వేసిన కిలోల సంఖ్య, రెండూ ఔట్‌డోర్ యూనిట్ తలుపు లోపలివైపు అతికించి ఉండాలి. లేకపోతే మూడేళ్ల తరువాత వచ్చే మెకానిక్ అంచనా మీద గ్యాసు నింపుతాడు, ఎక్కువైనా తక్కువైనా కంప్రెసర్ ఆయుష్షు మీదకే వస్తుంది.

మేడ ఎక్కి ఔట్‌డోర్ యూనిట్లను మీరే ఒకసారి చూడండి. అవి పిట్టగోడకు మరీ దగ్గరగా, లేదా ఒకదానికొకటి ఆనినట్టుగా ఉంటే, ఒకటి వదిలిన వేడిగాలిని మరొకటి పీల్చుకుంటుంది. ఫిబ్రవరిలో దీని ప్రభావం తెలియదు. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటి, పడమటి వేడిగాలి వీచే మధ్యాహ్నం ఆ యూనిట్ పీల్చే గాలి అంతకంటే ఎన్నో డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండి, ఒత్తిడి పెరిగి, యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. రోగులకు ఏసీ అత్యవసరమైన గంట సరిగ్గా అదే. కావలి సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు పొడి పొడిగా రాలిపోవడం మన తీరంలో ఏసీ మెకానిక్‌లందరూ చూసే సంగతే. రెక్కలకు తుప్పు పట్టకుండా పూత ఉన్న యూనిట్లే వచ్చాయో లేదో బిల్లుతో సరిచూసుకోండి, వాటిని మంచినీటితో కడగడానికి మేడమీద ఒక కుళాయి ఉందో లేదో కూడా చూడండి. ఆ కుళాయి పెట్టించడం ఈరోజు చిన్న పని. దాన్ని మరిచిపోతే యూనిట్లు కడిగేవారు ఉండరు.

గదుల్లో ఒక్కొక్క ఇండోర్ యూనిట్ ట్రేలో నీళ్లు పోయించి, ఆ నీరు ఎంతసేపట్లో ఎక్కడికి పోతుందో చూడండి. డ్రెయిన్ గొట్టానికి వాలు లేని చోట వర్షాకాలపు తేమంతా ఫాల్స్ సీలింగ్ మీద మరకగా తేలుతుంది. గొట్టాల మీది ఇన్సులేషన్ చాలినంత మందంగా లేకపోతే అక్టోబరు, నవంబరు నెలల్లో వాటికి చెమటలు పడతాయి. ఆ రెండింటి పైన బూజు పడుతుంది. ఆసుపత్రిలో బూజు అంటే అది కేవలం రంగు మళ్లీ వేయించుకునే ఖర్చు కాదు.

నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒంగోలులో ఒక సంస్థ వారు తమ భవనంలో ఒక వార్డు ఎప్పుడూ చలి, పక్క వార్డు ఎప్పుడూ ఉక్క, ఎంత బాగుచేయించినా ఇంతే అని నన్ను పిలిచారు. అప్పటికి రెండేళ్లుగా చలి వార్డు వారు దుప్పట్లు కొన్నారు, ఉక్క వార్డు వారు మరో ఏసీ పెట్టించారు. నేను ఒక వార్డులోని సెన్సర్‌ను అరచేతిలో పెట్టుకుని వేడి చేస్తే పక్క వార్డు ఏసీ వేగం పెరిగింది. ఇద్దరు పనివాళ్లు ఒకే రోజు లాగిన రెండు వైర్లు తారుమారయ్యాయి, అంతే. వేడెక్కిన వార్డు సెన్సర్ చలి వార్డును ఇంకా చల్లబరుస్తూ వచ్చింది. సరిచేయడానికి పావుగంట పట్టింది. అప్పగించిన రోజున ప్రతి సెన్సర్‌నూ ఒక్కొక్కటిగా వేడిచేసి, ఏ యంత్రం స్పందిస్తుందో చూసి ఉంటే ఆ రెండేళ్ల కరెంటు, ఆ అదనపు ఏసీ, ఆ రోగుల ఇబ్బంది ఉండేవి కావు. కొత్త భవనాల్లో నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం ఇటువంటివే. యంత్రాలన్నీ మంచి కంపెనీవే ఉంటాయి, ఒకదానికొకటి చెప్పుకోవలసిన మాట మాత్రం తప్పుగా చేరుతుంది.

ఆపరేషన్ థియేటర్‌ను మిగతా గదులతో కలిపి చూడనివ్వకండి. అక్కడ చల్లదనం ఒక్కటే కాదు. వడపోసిన గాలి గంటకు 20 సార్లు మారాలి, అందులో కొంత బయటి తాజా గాలి కావాలి, తలుపు తెరిచినప్పుడు గాలి లోపలి నుంచి బయటికి పోవాలి గాని వరండా గాలి లోపలికి రాకూడదు. తలుపు కొద్దిగా తెరిచి సందు దగ్గర పలుచని కాగితపు ముక్క పట్టుకుంటే గాలి ఎటు పోతుందో మీకే తెలుస్తుంది, కాని అది మీ తృప్తి కోసం మాత్రమే. గాలి పరిమాణం, అతి సూక్ష్మమైన కణాలను ఆపే హెపా ఫిల్టర్ల అంచుల్లో లీకు, ఈ రెండూ తగిన పరికరాలతో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చేవారితోనే చేయించండి. మీరు చెప్పిన 4 లక్షలలో ఈ కొలతలు ఉన్నాయా అని ఆ ఇంజనీరును ముందుగా అడగండి.

విద్యుత్తు విషయానికి వస్తే, 150 కె.వి.ఎ. అన్న మీ అంకె దగ్గర నేను ఆగాను. మన రాష్ట్రంలో హెచ్.టి. వినియోగదారుడు వాడినా వాడకపోయినా, ఒప్పుకున్న డిమాండులో (ఒకేసారి గరిష్ఠంగా వాడుకుంటామని ఒప్పందంలో రాసిన భారంలో) 80 శాతానికి తక్కువ కాకుండా డిమాండు చార్జీ కట్టాలి. అంటే మీటరులో 80 కె.వి.ఎ. మాత్రమే నమోదైనా మీరు 120 కె.వి.ఎ.కు కడతారు. గదుల్లోని ప్రతి పరికరాన్నీ కూడి డిమాండు నిర్ణయించే అలవాటు మనవైపు ఉంది, కాని అన్నీ ఒకే క్షణంలో నడిచే రోజు రాదు. అలాగని ఇప్పుడే తగ్గించమని దరఖాస్తు పెట్టకండి. ఒక వేసవి గడవనిచ్చి, మే, జూన్ నెలల బిల్లుల్లో నమోదైన గరిష్ఠ డిమాండు చూసి, దానిమీద కొంత వెసులుబాటు ఉంచుకుని, అప్పుడు డిస్కంను అడగండి. హెచ్.టి. బిల్లు కె.వి.ఎ.హెచ్. లెక్కన, అంటే లైను నుంచి లాగిన మొత్తం విద్యుత్తు లెక్కన వస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా పనికి వచ్చిన వంతు) తగ్గితే వాడని కరెంటుకు కూడా కట్టినట్టే అవుతుంది. దానిని సరిదిద్దే కెపాసిటర్ ప్యానెల్ ఆటోమేటిక్‌గా పగలు మెట్టు మెట్టుగా ఎక్కి, రాత్రి భారం తగ్గినప్పుడు మెట్టు మెట్టుగా దిగుతోందో లేదో ఒక పూర్తి రోజు పరిశీలించాలి.

జనరేటరును స్టార్ట్ బటన్ నొక్కి చూడడం పరీక్ష కాదు. డిస్కం నుంచి వచ్చే మెయిన్ బ్రేకరును ఆపేయించి, చేతిలో గడియారం పెట్టుకుని, థియేటరు, ఐసీయూ, లిఫ్టు, మెట్లు, మందుల ఫ్రిజ్ ఒక్కొక్కటి ఎన్ని సెకన్లకు తిరిగి వెలిగాయో రాసుకోవాలి. ఇది ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక చేయండి. ఏ మూలకు వెలుగు వెళ్లలేదో రాత్రి మాత్రమే తెలుస్తుంది. 160 కె.వి.ఎ. జనరేటరు సుమారు 128 కిలోవాట్లు ఇస్తుంది. మీ ఆసుపత్రికి అర్ధరాత్రి అవసరం 25 కిలోవాట్లు దాటదనుకుంటే ఆ యంత్రం తన శక్తిలో అయిదోవంతు కూడా వాడదు. డీజిల్ ఇంజను 30 శాతం కంటే తక్కువ భారం మీద గంటల తరబడి నడిస్తే ఇంధనం సరిగా కాలక మసి పేరుకుంటుంది, నూనె తాగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. మీ రాత్రి భారం నిజంగా అంతే అని కొలతలో తేలితే, పక్కన 40 కె.వి.ఎ. చిన్న జనరేటరు ఒకటి పెట్టుకోవడం దీర్ఘకాలంలో చవక అవుతుందని నా అభిప్రాయం. కాని ముందు కొలవండి, తరువాతే కొనండి.

వైరింగుకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్‌ను కొలిచే పరికరం) పరీక్ష చేయించి ప్రతి సర్క్యూటుకూ కనీసం ఒక మెగా ఓమ్ వచ్చినట్టు రాయించుకోవాలి. ఆర్.సి.సి.బి.లు (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్చులు) బటన్ నొక్కితే పడడమే కాక, పరికరంతో 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడుతున్నాయో లేదో చూడాలి. ఎర్తింగు కొలతను వానాకాలంలో తీసుకుంటే తడినేల వల్ల అది మంచిగానే కనిపిస్తుంది. నేల బీటలు వారిన మే నెలలో తీసుకున్న కొలతే నమ్మదగినది. ఉప్పునేలలో ఇనుప ఎలక్ట్రోడ్లు త్వరగా తినబడతాయి కనుక ఏడాదికి ఒకసారి అదే నెలలో అదే కొలత తీసుకుని పక్కపక్కన రాసుకుంటూ పోండి. కరెంటు పోయినప్పుడు లిఫ్టు దగ్గరి అంతస్తుకు వచ్చి తలుపు తెరవాలి, మంటలార్పే పంపు ఒత్తిడి పడిపోగానే తనంతట తానే మొదలు కావాలి. ఈ రెండింటికీ పది నిమిషాలు చాలు. ప్రభుత్వ శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నా మీ కళ్లతో చూడండి.

నీటి పనుల్లో పెద్ద చిక్కులు లేవు, ఓపిక చాలు. మీ బోరు నీటిని పరీక్షకు పంపండి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోవడం మేలు, వేరే ఆధారం లేనప్పుడు 2000 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం. తీరంలో బోరు ఎక్కువగా తోడేకొద్దీ ఉప్పదనం పెరగవచ్చు, అందుచేత ఈ పరీక్ష కూడా వేసవిలో మళ్లీ చేయించాలి. కఠిన జలంతో సోలార్ హీటరు గొట్టాలు, స్టెరిలైజరు హీటింగ్ కాయిళ్లు సున్నం కట్టిపోతాయి. కనిగిరి, ఆ పరిసరాల పాఠకులు ఎవరైనా ఇది చదువుతుంటే, వారు ఫ్లోరైడు కూడా చూడాలని, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏ పరిస్థితిలోనూ తాగడానికి ఇవ్వకూడదని ఇక్కడే చెప్పడం నా బాధ్యత. పంపుల దగ్గర ఒక్క ప్రశ్న వేయండి: వాల్వు సగం మూసి నడుపుతున్నారా? అలా అయితే పంపు అవసరానికి మించి పెద్దది. గాలి పంకాలకైనా, నీటిని తిప్పే పంపులకైనా వేగం 20 శాతం తగ్గిస్తే పీల్చే కరెంటు దాదాపు సగానికి వస్తుంది, వాల్వు మూయడంలో ఆ పొదుపు లేదు. మురుగునీటి శుద్ధి ప్లాంటును మాత్రం ప్రారంభానికి ముందు పూర్తిగా పరీక్షించడం వీలుకాదు. అందులో పనిచేసేవి సూక్ష్మజీవులు, వాటికి మురుగు అంది, పెరిగి, కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఆ పరీక్షను ఆసుపత్రి తెరిచిన రెండు నెలల తరువాతకు రాసుకోండి.

ఇప్పుడు మూడు విడతల మాట. మొదటి విడత, ఉగాదికి కనీసం మూడు వారాల ముందు. వేరే సమయం చెప్పినవి తప్ప పై పరీక్షలన్నీ, మేడమీద 48 గంటలు నీరు నిలబెట్టి కింది స్లాబు చూడడంతో సహా, ఆ మూడు వారాల్లో జరగాలి. ఎందుకంటే పరీక్షలో బయటపడిన వాటిని బాగుచేసి మళ్లీ పరీక్షించే సమయం కూడా అందులోనే కావాలి. పడకలు, పరికరాలు వచ్చాక ఫాల్స్ సీలింగ్ విప్పడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు. రెండవ విడత, రోహిణి కార్తెలో, అంటే మే నెల చివరి వారం, జూన్ మొదటి వారం. రోళ్లు పగిలే ఎండలో, గదుల నిండా రోగులు, తోడుగా వచ్చినవారు ఉన్నప్పుడు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ప్రతి గది ఉష్ణోగ్రత, తేమ, ఔట్‌డోర్ యూనిట్ల ఒత్తిడి, ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడి, మొత్తం డిమాండు రాసుకోవాలి. మూడవది అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఒక వాయుగుండం వచ్చిపోయిన మరునాడు. మనకు పెద్ద వానలు నైరుతిలో కాదు, ఈశాన్యంలో. ఏ కిటికీ అంచు నుంచి నీరు దిగింది, సెల్లారులో ఎక్కడ నిలిచింది, ప్యానెల్ గదిలో తడి ఉందా, జనరేటరు దిమ్మె వీధి నీటి మట్టానికి ఎంత పైన ఉంది అన్నవి ఆ రోజే తెలుస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయినంత వరద మనం చూశాము. మీ భవనం పెన్నా ఒడ్డున లేకపోయినా, వానలో కరెంటు పోయిన రాత్రే జనరేటరు నీళ్లలో మునిగితే అది ఉండీ లేనట్టే.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదట గీసిన ప్లాను కాదు, చివరికి నిజంగా కట్టినట్టు దిద్దిన డ్రాయింగులు, ప్రతి వాల్వుకూ, ప్రతి బ్రేకరుకూ తెలుగులో రాసిన పేరుపలక, వారంటీ పత్రాలు, పరీక్షల అంకెలు, ఇవన్నీ ఒకే బీరువాలో ఉండాలి. వీటికంటే నాకు ముఖ్యమైనది మనుషుల శిక్షణ. భవనాన్ని నిజంగా నడిపేది మీరు కాదు, డాక్టరమ్మ కాదు, రాత్రి డ్యూటీ ఎలక్ట్రీషియన్. అతన్ని ఫిబ్రవరిలోనే ఉద్యోగంలోకి తీసుకోండి. అప్పగింతకు నెల ముందు జీతం దండగ అని మీ అన్నగారు అనవచ్చు. కాని ప్రతి పరీక్షలో కంట్రాక్టరు మనిషి పక్కన నిలబడి చెబుతుండగా చేయి మాత్రం మీ ఎలక్ట్రీషియన్‌దే అయి ఉంటే, ఆ నెలలో నేర్చుకున్నది అతను పదేళ్లు వాడతాడు. ఆ పాఠాలను సెల్‌ఫోన్‌లో వీడియో తీయించి ఉంచండి, అతను మానేసినా తరువాత వచ్చేవాడికి పనికివస్తాయి. ప్రతి నెలా యూనిట్లు, డీజిల్, నీరు, మూడు అంకెలు ఒక నోటుపుస్తకంలో రాయించండి. వార్డుల ఏసీలను 24 డిగ్రీల దగ్గర పెట్టి ఉంచమనండి. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క.

ఇక ఖర్చు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2009లో 643 భవనాల అనుభవాన్ని కూర్చి చూసింది. కొత్త భవనాల్లో కమిషనింగ్ ఖర్చు నిర్మాణ వ్యయంలో మధ్యస్థంగా 0.4 శాతం, ఇంధన ఆదా 13 శాతం, పెట్టిన డబ్బు సుమారు నాలుగేళ్లలో తిరిగి వచ్చింది. ఆ దేశపు కూలి వేరు, వాతావరణం వేరు కనుక ఆ అంకెలను మీకు హామీగా ఇవ్వను. మీ 7 కోట్లలో 4 లక్షలు 0.57 శాతం అవుతుంది, అది అసంగతమైన మొత్తం కాదని చెప్పడానికి మాత్రమే వాడుతున్నాను. మరొక సంగతి కూడా మీ అన్నగారికి తెలియాలి. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గాని, 120 కె.వి.ఎ. డిమాండు గాని ఉన్న వాణిజ్య భవనాలు ఇంధన పొదుపు భవన నియమావళి పరిధిలోకి వస్తాయి. ఆసుపత్రులు కూడా అందులో భాగమే. మీ 150 కె.వి.ఎ. ఆ గీత దాటింది. ప్లాను అనుమతి సమయంలో మీ ఆర్కిటెక్టు ఆ నియమావళికి సంబంధించి ఏ పత్రాలు ఇచ్చారో తెచ్చుకుని, వాటిలో రాసినదే కట్టారా అని సరిచూడడం కూడా ఈ ఇంజనీరు పనిలో చేర్చండి.

4 లక్షలు ఒకేసారి భారమనుకుంటే పని తగ్గించండి గాని మనిషిని మార్చి కంట్రాక్టరుకే అప్పగించకండి. తన పనిని తానే దిద్దుకునేవారికి ఎంత నిజాయితీ ఉన్నా తన తప్పు తన కంటికి ఆనదు. మేడ, కుళాయిలు, డ్రెయిన్లు, తలుపులు మీ ఇంటివారు, మీ మేస్త్రీ కలిసి చూడగలరు. ఏసీ, థియేటరు గాలి, విద్యుత్ ప్యానెళ్లు, జనరేటరు మాత్రం ఆ స్వతంత్ర ఇంజనీరుకే వదలండి. ఆయన ఫీజును కూడా మూడు భాగాలు చేసి, మూడవ భాగం వర్షాకాలపు పరీక్ష నివేదిక చేతికి వచ్చాకే ఇస్తామని ముందుగా మాట్లాడుకోండి. ఆయనకు ఏసీ కంపెనీతో గాని, జనరేటరు డీలరుతో గాని వ్యాపార సంబంధం లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

కంట్రాక్టరు చివరి బిల్లు ఇంకా చెల్లించలేదనే అనుకుంటున్నాను. నిలుపుదల సొమ్ము గురించి మీ ఒప్పందంలో ఏమున్నా, తాళాలు తీసుకునే రోజున ఇద్దరూ సంతకాలు చేసే కాగితంలో ఈ మాటలు చేర్చమని ఆయనను మర్యాదగా అడగండి: "నిర్మాణ వ్యయంలో 5 శాతం సొమ్ము యజమాని వద్ద ఉండును. అందులో సగము మే, జూన్ నెలల వేసవి పరీక్షలో బయటపడిన లోపములు సరిచేసిన తరువాత, మిగిలిన సగము డిసెంబరు నెలాఖరు లోపు జరుగు వర్షాకాలపు పరీక్షలో బయటపడిన లోపములు సరిచేసిన తరువాత చెల్లించబడును." ఆయన 5 శాతం ఎక్కువ అంటే మూడుకు దిగండి, కాని మే నెలను, డిసెంబరును మాత్రం వదులుకోకండి.